మనస్సునకు దినచర్య



మా హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు రహదారి మీద, దిల్‌సుఖ్‌నగర్ అను పేట కలదు. దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అను నొకరికి పూర్వ మిచ్చట పొలము లుండెననియు, ఆయన పేరుననే ఈ పేట వెలసినదనియు చెప్పుదురు. ఉర్దూ భాషలో 'దిల్' అనగా హృదయము. సుఖమన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్లు హృదయసుఖమను అర్థము నిచ్చు పేరుగల చోట మేము ఇరువదియేండ్లుగా కాపురము చేయుచున్నాము. పేరులోని సుఖము మాత్రము ఇంటి అద్దెతోపాటు మాకు దొరకలేదు. దానిని దినదినము కొంచెము కొంచెముగ సంపాదించుకొనవలసి వచ్చినది. ఆ సంపాదన ఎట్టిదో మన గృహిణులతో చెప్పుకొనవలెనను కోరికతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ప్రాంతము నెరుగని సోదరీమణులకు కొంచెము చెప్పవలసియున్నది. దిల్‌సుఖ్‌నగరున తెల్లవారుజామున సాయిబాబా మందిరపు హారతితో మొదలైన సందడి రాత్రి చాల ప్రొద్దుపోయిన పిదప గాని యణగదు. వీధి కొక కోచింగు సంస్థ. సందున కొక హాస్టలు. ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు వేలకొలదిగ నిచ్చట నుందురు. తలపైన మెట్రో రైలు పోవుచుండును. అది 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీని అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు నడువ నారంభించినది. లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరుగల ఆ కూడలియందు నల్లగొండకును, విజయవాడకును పోవు బస్సుల కొరకు మూటలతో, పసిపిల్లలతో నిలుచుండు స్త్రీలను ఎప్పుడైనను చూడవచ్చును. మాలో పెక్కుమందిమి ఒకనాడు అట్లే ఆ కూడలిలో దిగినవారమే. పుట్టినింటివారు, వదినలు, మరదండ్రు అందరును ఆ దారికి ఆవలి యూళ్లలో నుందురు. ఇచ్చట మూసిన తలుపుల వెనుక ఎవరి సంసారము వారిది. మనసున కేదైన కష్టము కలిగినప్పుడు, "ఏమమ్మా, అట్లున్నావేమి?" అని యడుగువారు లేరు.

మనసుకష్టమనునది పనిపాటలు లేనివారికి వచ్చు జబ్బని మేమును చాలకాలము నమ్మితిమి. అయిదు గంటలకు లేచి, నీళ్లు పట్టి, టిఫిను చేసి, డబ్బాలు కట్టి, గిన్నెలు తోముకొనువారికి దిగులుపడుటకు తీరిక యెక్కడిదని పరిహసించితిమి. ఆ పరిహాసమునకు 2020వ సంవత్సరమున తగిన సమాధానము దొరకినది.

ఆ యేడు అక్టోబరు 13వ తేదీని కురిసిన వానను మా నగరవాసు లెవ్వరును మరువరు. ఒక్క దినములో ఘట్‌కేసర్ ప్రాంతమున ముప్పది సెంటీమీటర్లకు మించిన వర్షము పడినది. 1626వ సంవత్సరమున ఏర్పడిన మా సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లగా, దాని దిగువనున్న కోదండరామ్‌నగర్ మొదలైన కాలనీలు నీట మునిగినవి. మా యద్దె యిల్లు క్రింది అంతస్తున నుండెను. రాత్రి తొమ్మిది గంటలకు గుమ్మము దాటిన నీరు పదునొకండు గంటలకు మంచమును ముట్టినది. బియ్యపు డ్రమ్ము, పిల్లల సర్టిఫికెట్లు, మా తల్లిగారు పెండ్లినా డిచ్చిన చీరెల పెట్టె - వీనిలో ఏది ముందు పైకెత్తవలెనో తోచలేదు. సర్టిఫికెట్లు దక్కినవి, పెట్టె దక్కలేదు. మేడమీది వారి యింట మూడు రాత్రులు తలదాచుకొంటిమి.

నీరు తీసిన పిదప పదిదినములు బురద యెత్తితిమి, గోడలు కడిగితిమి, తడిసిన పరుపులు పారవైచితిమి. అంతవరకు బాగుగనే యుంటిమి. ఇల్లు ఒక కొలికికి వచ్చిన తరువాతనే మాకు జబ్బు పట్టినది. మబ్బు కనబడినచో గుండె దడదడ కొట్టుకొనును. రాత్రి నాలుగుమారులు లేచి గుమ్మమువద్ద నేల తడిమి చూచెడివారము. అన్నము రుచింపదు. పిల్లలమీద కారణములేని కోపము. జడ వేసికొనుటయే పెద్ద బరువుగ తోచెడిది. మా వారు మంచివారే. "నీళ్లు పోయినవి గదా, ఇంకనేమి?" అని యనిరి. వారి మాట నిజమే. కాని నిజమైన మాట వినినంతనే మనసు కుదుటపడవలెనను నియమము లేదు.

మా ప్రక్క వాటాలో అరువదియైదేండ్లు దాటిన యొక పెద్దమ్మ యుండెను. నల్లగొండ జిల్లా పల్లెటూరి మనిషి, అక్షరము రాదు. ఆమె యిల్లును మునిగినదే. ఒకనాటి ఉదయమున వచ్చి మా గడపమీద కూర్చుండి, కొంతసేపు మమ్ము చూచి, "ఇల్లు ఆరింది గని నువ్వు ఆరలే బిడ్డా. లే, చెర్వు కట్ట మీదికి పోయొద్దాం" అనెను. "చేతకాదు పెద్దమ్మా" అంటిమి. "చాతనైనంక పోదామంటె ఎన్నడు పోతం? పోయినంకనె చాతనైతది" అని చేయి పట్టుకొని లేపెను.

మనసు కుదుటపడిన పిదప లేచి తిరుగుదమని మనము సాధారణముగ ననుకొందుము. దిగులుతో నుండువారికి నేటి మానసిక వైద్యులు చెప్పు సలహా దీనికి విరుద్ధముగ నున్నది. ముందు కాలు కదలవలెను. ఉత్సాహము దాని వెనుక వచ్చును. ఈ సంగతి మేము పుస్తకములలో తరువాత చదివితిమి. పెద్దమ్మ గడపమీదనే చెప్పినది.

ఏ నీరు మమ్ము భయపెట్టినదో ఆ నీటి యొడ్డునకే ఆమె మమ్ము తీసికొనిపోయినది. చెరువు కనబడగనే కాళ్లు వణకినవి. వెనుకకు మరలుదమన్న ఆమె యొప్పలేదు, ముందుకును లాగలేదు. అచ్చటనే యొక రాతిమీద కూర్చుండబెట్టి వంకాయల ధర, బెండకాయల ధర మాటలాడినది. కొంతసేపటికి దడ తనంతట తాను తగ్గినది. మరునాడు మరికొంత దూరము పోయితిమి. పదునైదు దినములకు కట్ట చివరవరకు నడువగలిగితిమి. భయపెట్టిన దానినుండి పారిపోయినకొలది భయము పెరుగును. క్షేమమైన దూరమున దాని యెదుట నిలిచి, దడ తగ్గువరకు వేచియున్నయెడల భయము తరుగును. ఇది మానసిక చికిత్సలో ప్రసిద్ధమైన పద్ధతి. దీనిని బలవంతముగ చేయరాదు. మెట్టు మెట్టుగ చేయవలెను. ప్రక్కన నమ్మకమైన మనిషి యుండవలెను.

మా పేట మొత్తము ఇట్లు భయపడిన దినములును కలవు. 2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగరున బాంబులు ప్రేలి పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ తరువాత బస్సుస్టాపునొద్ద నిలుచుటకే అందరమును జంకితిమి. పూలకని, కూరలకని, పిల్లల పుస్తకములకని ఒకరి వెంట నొకరు మరల పోవుట చేతనే ఆ వీధి మరల మాదైనది.

ఉదయపు నడకవలన మరియొక మేలు కలదు. ప్రొద్దుటి వెలుతురు కంటికి సోకుటచే శరీరములోని గడియారము సరియగునని, రాత్రి నిద్రకది తోడ్పడునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మా యనుభవము చెప్పవలెనన్న, మూడవ వారమునుండి రాత్రి నాలుగుమారులకు బదులు ఒక్కమారే లేచితిమి.

ఆ యొక్కమారు లేచినపుడు చేయవలసిన పని శ్వాసను చక్కబెట్టుట. నాలుగు లెక్కపెట్టునంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టునంతసేపు మెల్లగ విడువవలెను. గాలి పీల్చునపుడు గుండె కొంచెము వేగముగను, విడుచునపుడు కొంచెము నెమ్మదిగను కొట్టుకొనును. మెదడునుండి గుండెకు పోవు వేగస్ అను నాడి ఈ పని చేయును. కావున విడుచు కాలమును పొడిగించినయెడల గుండె నెమ్మదించును. గుండె నెమ్మదించిన, అపాయము లేదని మనసు గ్రహించును. దీనికి చాపయు, పూజగదియు, ఏకాంతమును అక్కరలేదు. పగటివేళ మేము కుక్కరు పొయ్యిమీద పెట్టి, మూడవ కూత వచ్చులోపల దీనిని ముగించుచున్నాము. తల తిరుగునట్లు తోచినచో ఆపివేసి మామూలుగ ఊపిరి తీసికొనవలెను.

ఇక వ్రాత. పాలలెక్కను, గ్యాసు బుక్ చేసిన తేదీని గోడమీది క్యాలెండరునందు వ్రాయు అలవాటు మనకు కలదు. జ్ఞాపకముంచుకొను భారము తలకు తగ్గుటకే గదా ఆ వ్రాత! మనసులోని బరువును మాత్రము కాగితముమీద పెట్టవలెనని మనకు తోచదు. 1986వ సంవత్సరమున జేమ్స్ పెన్నెబేకర్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు తన సహచరురాలితో కలిసి యొక పరిశోధనను ప్రకటించెను. కొందరు విద్యార్థులచే వరుసగ నాలుగు దినములు, దినమునకు పదునైదు నిమిషములు, తమకు కలిగిన గొప్ప కష్టమును గూర్చి వ్రాయించిరి. ఆ కష్టము వలన కలిగిన భావములను కూడ వ్రాసినవారు తరువాతి నెలలలో తక్కినవారికంటె తక్కువమారులు వైద్యునికడకు పోయిరి. అయితే వ్రాసిన వెంటనే వారికి హాయి కలుగలేదు. అప్పటికి దిగులు హెచ్చినది. మేలు పిమ్మట కనబడినది.

ఇది తెలిసికొని మేమును కూర్చుండితిమి. మొదటినాడు ఆ పెట్టెలోని చీరెల జాబితా తప్ప మరేమియు వ్రాయలేకపోతిమి. రెండవనాడు ఏ చీరె ఎప్పుడు కట్టుకొంటిమో వ్రాసితిమి. మూడవనాడు, పోయినది చీరెలు కాదనియు, నాలుగేండ్ల క్రిందట గతించిన మా తల్లిగారి వాసన యా పెట్టెలో నుండెడిదనియు వ్రాసితిమి. ఆనాడు చాలసేపు ఏడ్చితిమి. నాలుగవనాడు కాగితములు చింపివైచితిమి. సోదరీమణులు ఇంటిలో ఎవరైన చదువుదురని భయపడనక్కరలేదు. వ్రాతవలన కలుగు మేలునకు కాగితమును దాచుకొనవలసిన పని లేదు.

మానిన పని యొకటి కలదు. వానకాలపు రాత్రులందు సెల్‌ఫోనులో వాట్సాప్ గుంపులన్నియు మునిగిన వీధుల బొమ్మలతో నిండిపోవును. వానిలో కొన్ని నిన్నటివి, కొన్ని ఏండ్లనాటివి, కొన్ని మన యూరివే కావు. మేము వానిని రాత్రి పండ్రెండు గంటలవరకు చూచెడివారము. ఇప్పుడు ఉదయమొకమారు, సాయంకాలమొకమారు వాతావరణ వార్త వినుచున్నాము. రాత్రి ఫోను వంటింటిలో నుండును. వార్త తెలిసికొనుట జాగ్రత్త. దానిని మాటిమాటికి నమలుట జబ్బు.

చేతిపని గూర్చియు చెప్పవలెను. గోంగూర యేరుట, మల్లెలు కట్టుట, ముగ్గు పెట్టుట మొదలైన వానిని మనము తొందరలో, మరియొకటి తలచుచు చేయుదుము. దినమునకొక పనిని మాత్రము దానియందే దృష్టి నిలిపి చేసి చూడుడు. ఆకు చల్లదనము, పువ్వుకాడ మెత్తదనము వ్రేళ్లకు తెలియునప్పుడు మనసు రేపటినుండి నేటికి వచ్చును. కూరగాయలను ఫోనుమీద తెప్పించుకొనుట సులభమే. అయినను మేము వారమున కొకమారు సంచి పట్టుకొని సరూర్‌నగర్ రైతుబజారునకు నడచి పోవుచున్నాము. అచ్చట కూరలమ్ము స్త్రీ, "అక్కా, పోయిన వారం రాలేదేంది?" అని యడుగును. మనము రాకపోవుటను గమనించిన మనిషి యొకతె యుండుటయు మనసునకు బలమే.

వరదనీరు పూర్తిగ తీయకముందే ఆ యేడు బతుకమ్మ దినములు వచ్చినవి. బురదవీధిలో పండుగ యేమిటని మేము గదిలో కూర్చుంటిమి. తక్కిన స్త్రీలు దొరికిన కాసింత తంగేడు, గునుగు పేర్చి, మేడమీద గుండ్రముగ నిలిచి చప్పట్లు కొట్టుచు పాడిరి. అందరి యిండ్లును మునిగినవే. నాడు వారికి తెలిసినది మాకు తరువాత తెలిసినది: పదిమందితో పాదము కలిపి, గొంతు కలిపి పాడునంతసేపు ఎవరి దిగులు వారి నొంటరిగ పట్టుకొనజాలదు.

ఇన్నిటికి తీరిక యెక్కడిదని మీ రడుగుదురు. మేమును అడిగితిమి. పెద్దమ్మ యింటివారి నందరిని పిలిచి, ప్రొద్దున అరగంట యీమె యింటిలో నుండదని చెప్పినది. మొదటివారము మా వారు పొయ్యివద్ద నిలిచినను రెండుమారులు పాలు పొంగి పోయినవి. అంతకుమించి నష్టము కలుగలేదు. తల్లి ఉసూరుమని తిరుగు ఇంటిలో పాలు పొంగకున్నను పిల్లలకు రుచింపవు. ఆ యరగంటను మిగిలిన కాలమునుండి దొంగిలించినట్లు గాక, ఇంటి ఖర్చులో పాలకును బియ్యమునకును వలె ముందుగనే తీసి పెట్టవలెను.

ఒక సందేహమును తీర్చవలసియున్నది. ఊపిరి మెల్లగ విడిచినంతమాత్రమున నాలాలోని పూడిక తీరదు. కష్టమునకు కారణము వెలుపల నున్నప్పుడు దానిని చక్కబెట్టుడని యడుగుటయు మనసునకు వైద్యమే. మా కాలనీ స్త్రీలము కలిసి నాలా గూర్చి అర్జీ వ్రాసి సంతకములు చేసితిమి. 2020 వరదల పిదప ప్రభుత్వమును నాలాల కొరకు ప్రత్యేక కార్యక్రమమును చేపట్టినది. అట్లే, మగడు కొట్టుచుండగా ఊపిరి లెక్కపెట్టుకొమ్మని భార్యకు చెప్పుట అన్యాయము. అట్టి సోదరి 181 అను సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరవలెను.

మేము చేసిన తప్పును కూడ దాచక చెప్పుదుము. మా వీధి హాస్టలులో నుండి ఉద్యోగపరీక్షకు చదువుచున్న యొక అమ్మాయి, అప్పుడప్పుడు మా యింటికి కాస్త పప్పు, పచ్చడి యడుగుటకు వచ్చుచుండెను. కొన్ని వారములు రాలేదు. పోయి చూడగా స్నానము లేదు, తిండి లేదు, పుస్తకము తెరువలేదు. మేము బాగుపడితిమను ధీమాతో, "రేపటినుండి మాతో నడువుము, ఇట్లు ఊపిరి తీయుము" అని చెప్పితిమి. పది దినము లట్లు గడపితిమి. పదునొకండవ నాడు ఆ బిడ్డ, "ఆంటీ, నేను లేకపోతే మా ఇంటికి బరువు తగ్గుతుంది" అనెను. అప్పుడు మాకు కన్నులు తెరువబడినవి. ఆమె నొంటరిగ విడువక, తల్లిదండ్రులను పిలిపించి, మానసిక వైద్యుని కడకు తీసికొనిపోయితిమి. నెలలకొలది మందులు, మాటల చికిత్స జరిగినవి. ఆ యేటి పరీక్ష పోయినది, అమ్మాయి దక్కినది.

కావున గుర్తుంచుకొనవలసినది ఇది. రెండు వారములు దాటినను తరుగని దిగులు, నిద్రాహారములు చెడుట, దేనియందును ఇష్టము లేకుండుట, బ్రతుకుమీద విరక్తి మాటలు - ఇవి కనబడినచో వైద్యుడు కావలెను. విరక్తి మాట వినబడిననాడు రెండు వారములు కూడ ఆగరాదు. ఈ దినచర్యలు ఇంటిలో కషాయము వంటివి. కషాయముతో తగ్గని జ్వరమునకు వైద్యుని పిలుచుటలో సిగ్గేమున్నది? మా నగరమున ఎర్రగడ్డ ఆసుపత్రి పేరును జనులు పరిహాసముగ వాడుట యలవాటు. ఆ పరిహాసమునకు వెరచి ఎందరు సోదరీమణులు మౌనముగ బాధపడుచున్నారో! 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని భారత ప్రభుత్వము టెలి-మానస్ అను సేవ నారంభించినది. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లలో ఎప్పుడైనను ఉచితముగ ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. పాలలెక్క వ్రాయు క్యాలెండరుమీదనే ఈ సంఖ్యనుకూడ వ్రాసి యుంచుడు.

పెద్దమ్మ యిప్పుడు ఎల్.బి.నగరున కుమారుని యింట నున్నది. నాలుగవ అంతస్తు, వాకిలి లేదు, గడప మీద కూర్చుండుటకు వీలు లేదు. 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులో టికెట్టు ఖర్చు లేకపోవుటచే మేము వారమున కొకమారు పోయి చూచి వచ్చుచున్నాము. మొన్నటి వానకాలమున పోవునప్పటికి ఆమె గోడవైపు తిరిగి పండుకొని యుండెను. రెండు వారములుగా మోకాళ్ల నొప్పియని క్రిందికి దిగలేదట. వైద్యుడు చూచి మెల్లగ నడువవచ్చునని చెప్పినను, "చాతనైతలేదు బిడ్డా" అనెను. మేము మంచము ప్రక్కన కూర్చుండి, "చాతనైనంక పోదామంటె ఎన్నడు పోతం పెద్దమ్మా?" అంటిమి. ఆమె కొంతసేపు మమ్ము చూచి నవ్వి, చెప్పులు ఎక్కడ నున్నవో వెదకుమనెను. లిఫ్టులో దిగి వీధి చివరవరకు పోయి వచ్చితిమి. సన్నని తుంపర పడుచుండెను. మా గుండె కొంచెము దడదడలాడినది, కొంతసేపటికి తగ్గినది.

భయము పూర్తిగ పోయినదని మేము చెప్పము. అది వచ్చునప్పుడు ఏమి చేయవలెనో తెలిసినది, అంతియే. ఇల్లు ఒకనాడు ఊడ్చితిమని మరునాడు చీపురు పట్టకుందుమా? మనసును గూర్చియు అట్లే. సోదరీమణులు పై వానిలో ఏదో యొకదానిని రేపు ప్రొద్దున మొదలుపెట్టి చూతురుగాక. వీలైనయెడల ఒంటరిగ గాక, ప్రక్కింటి తలుపు తట్టి, మరియొకరిని కూడ లేపుకొని పోవుదురుగాక.